జరం పాట సీడీ

బీజాపూర్ ఇంకా వేరే జిల్లా కాక దంతెవాడ జిల్లాలోనే ఉన్న రోజుల్లో, ఒక మే నెల మొదట్లో, నన్ను భోపాలపట్నం బ్లాకుకు విస్తరణ శిక్షకురాలిగా వేశారు. ఆరోగ్యశాఖలో ఈ హోదా బ్లాకు వైద్యాధికారికి కింద, సూపర్‌వైజర్లకు పైన ఉంటుంది. మందులివ్వడం మా పని కాదు. మందు ఉన్నచోటికి జనం వచ్చేలా చేయడం మా పని. మా నాన్న కిరందుల్ లైన్లో రైల్వే ఉద్యోగి; విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాం. తెలుగు వచ్చు గనక, తెలుగు మాట్లాడే ఈ సరిహద్దు బ్లాకులో పనికొస్తానని పంపారు.

చేరీ చేరగానే పని అప్పగించారు. వానలు పడకముందే మలేరియా మీద తెలుగులో ఒక పాట సీడీ తయారుచేసి, సంతల్లో జీపు మైకులో వినిపించాలి. వానలు మొదలైతే వాగులు పొంగి జీపులు లోపలి ఊళ్ళకు పోవు. జ్వరాలు వచ్చేది సరిగ్గా అప్పుడే. అంతకుముందు వచ్చిన హిందీ సీడీని సంతలో ఎవరూ నిలబడి వినలేదు. స్టూడియోకు పంపే వ్యవధి లేదు. మావారు టైపింగ్ పనికని కొన్న కంప్యూటర్‌లో సీడీ రాసే డ్రైవు ఉంది కాబట్టి, ఇంట్లోనే చేస్తానని ఒప్పుకున్నాను. ఒప్పుకున్న దగ్గర్నుంచీ మనసు కుదురుగా లేదు. పొద్దున లేస్తూనే ఇంద్రావతి నది వైపు ఆకాశం చూడటం అలవాటైంది.

బాగా పాడేవాళ్లెవరని అడిగితే అందరూ నర్సమ్మ పేరే చెప్పారు. తర్లగూడ దారిలో ఒక చిన్న ఊరు ఆమెది. దోర్ల తెగకు చెందిన రైతు కుటుంబం. కిందటి వానాకాలం జ్వరంతో కొడుకు పోయాడు. వాడి మీద తనే ఒక పాట కట్టి, కోతలు కోస్తూ పాడేదట. నేను వెళ్లేసరికి బీడీలకు అమ్మే తునికాకు కట్టలు తిరగేస్తోంది. తలెత్తకుండానే మాట్లాడింది.

"ఆకు ఎండుతున్నది మేడం. వానొస్తే నల్లబడుతది. ఒక్క పూటే వస్త, మల్ల పిలవొద్దు."

మాటిచ్చినట్టే వచ్చింది. రికార్డింగంటే మా ఇంట్లో ఏర్పాటు ఇంతే: ఫ్యాను ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, మైకును ఒక మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టాం. పాటకు ముందు కాసేపు ఎవరూ మాట్లాడకుండా ఆ గదిలోని నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయాలి. ఆ నిశ్శబ్దంలో ఉండే హోరును నమూనాగా చూపిస్తే, సాఫ్ట్‌వేర్ పాటలోంచి అదే హోరును తగ్గిస్తుంది. నర్సమ్మ ఉక్కలో చెమటలు కారుస్తూ, వాకిలి వైపు చూస్తూనే పాడింది. పాడటం అవగానే లేచి వెళ్లిపోయింది.

పాటలో జ్వరం ఎలా వచ్చిందో, వణుకు ఎలా పట్టిందో అంతా ఉంది. మధ్యలో ఒక చరణం:

"ఎత్తుకోని పోతిని చిన్నోడ నిన్ను,
దవాఖాన తలుపు మూసుండె కొడుకా."

ఆ పాట పట్టుకుని బస్సులో దంతెవాడ వెళ్లాను. ప్రచార సామగ్రి ఏదైనా జిల్లాలోని పైఅధికారి విని సంతకం పెట్టాకే బయటికి పోవాలి. ఆయనకు తెలుగు రాదు. నేను పంక్తి పంక్తికీ హిందీలో అర్థం చెప్పాను. తలుపు దగ్గరికి రాగానే ఆపమన్నారు. మన జీపులో, మన మైకులో, మన మీదే ఫిర్యాదు వినిపిస్తామా అని అడిగారు. ఆ చరణం తీసేసి వచ్చే సంతలోగా సీడీ సిద్ధం చేయమన్నారు.

కోయడం కష్టమైన పనేమీ కాదు. తెర మీద గొంతు ఎత్తుపల్లాల గీతలా కనిపిస్తుంది. ఒక ఊపిరి నుంచి మరో ఊపిరి దాకా గుర్తుపెట్టి తీసేస్తే అతుకు తెలియదు. తీశాను, తెలియలేదు. కానీ సీడీకి ఎక్కించే ముందు పాడిన మనిషికి ఒకసారి వినిపించాలన్నది నేను పెట్టుకున్న నియమం. రానని చెప్పిన మనిషిని బతిమాలి మళ్లీ పిలిపించాను.

నర్సమ్మ నిలబడే విన్నది. అయిపోయాక కంప్యూటర్ వైపు, నా వైపు చూసింది.

"ఏంది మేడం, నా తలుపు ఏడికి పోయింది?"

సాబ్ వద్దన్నారని చెప్పాను. ఆ ఒక్క ముక్క లేకపోయినా మిగతాదంతా ఉందిగా అన్నాను.

"ఏముంది? తలుపు లేకుంటే నేను దవాఖానకు పోలేదనే అనుకుంటరు. పిల్లగాన్ని ఇంట్లనే పెట్టుకోని సంపుకున్నదంటరు. ఆ మాట తీస్తే నా గొంతు గూడ తీసెయ్."

బయట ఉరుము వినిపించింది. ఆమెకు ఆకు తడుస్తుందని గాబరా, నాకు సంత దాటిపోతుందని గాబరా. ఇద్దరం కూర్చోలేకపోయాం. ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ రోజు తలుపు దగ్గర అసలేం జరిగిందని అడిగాను.

"నెట్టిన. పిలిసిన. ఎవ్వరు పలకలే. ఇంటికి మర్లి వచ్చేసిన. కంపౌండర్ ఎనక రూంల పండుకున్నడంట, తర్వాత తెలిసింది. గట్టిగ కొడితే లేస్తుండెనేమో."

ఆ మాటే పాటలో చెప్పగలవా అని అడిగాను. ఆమె వాకిట్లోకి వెళ్లి అటూ ఇటూ తిరుగుతూ గొణుక్కుంది. తిరిగొచ్చి మైకు ముందు నిలబడింది.

"మూసున్న తలుపు కొట్టుండ్రి అవ్వా,
మనిషి లేసొచ్చెదాక కొట్టుండ్రి."

ఈ చరణాన్ని పాత రికార్డింగులో అతికించడానికి కుదరలేదు. ఆ రోజు గొంతు వేరు, ఈ రోజు గొంతు వేరు, చెవికి పట్టేస్తుంది. అందుకని పాత చరణం బదులు దీన్ని పెట్టి, మొత్తం పాట మళ్లీ మొదటి నుంచి పాడించాను. ఆమె కాదనలేదు.

సీడీ రాయడం మరో తలనొప్పి. జీపులోని ప్లేయరు మామూలు ఆడియో సీడీనే చదువుతుంది. దాన్ని తక్కువ వేగంతో రాయాలి, చివర్న ఇంకేమీ రాయడానికి వీల్లేకుండా డిస్కును మూసేయాలి, లేకపోతే వేరే యంత్రంలో పలకదు. రాస్తుండగా కరెంటు పోతే ఆ డిస్కు ఇక ఎందుకూ పనికిరాదు. మాకు అదే జరిగింది, ఒకటికి రెండుసార్లు. చివరికి మావారు బజారులో జెరాక్సు దుకాణం నుంచి యూపీఎస్ అరువు తెచ్చాక పని పూర్తయింది.

పైఅధికారి కొత్త చరణానికి నేను చెప్పిన అర్థం విని తలూపారు. జనాన్ని దవాఖానకు రమ్మంటోంది, బాగుందన్నారు. సంతకం పెట్టారు.

వానలకు ముందు మిగిలిన సంతలన్నిట్లో ఆ పాట మోగింది. జూలైలో ఒక ఉపకేంద్రం కంపౌండర్ తడుస్తూ నా దగ్గరికి వచ్చాడు. ఆ పాట ఆపించమని బతిమాలాడు. వేళాపాళా లేకుండా తలుపు బాదుతున్నారట. లేచేదాకా వదలడం లేదట. మరి లేస్తున్నారా అని అడిగాను. లేవక ఏం చేస్తానన్నాడు. ఇలాంటి ఫిర్యాదులే మిగతా చోట్ల నుంచీ రావడంతో, బ్లాకు వైద్యాధికారి ప్రతి ఉపకేంద్రంలో వంతులవారీగా మనిషి మేలుకుని ఉండాలని ఉత్తర్వు వేశారు. జీపు తిరగడం ఆగినా తలుపులు కొట్టడం ఆగలేదు.

నర్సమ్మ మాత్రం తన ఊళ్ళో తలుపు మూసుండెనన్న పాత చరణమే పాడుకునేదని విన్నాను.

ఆ తర్వాత ఉద్యోగంలో చాలా సీడీలు చేశాను. పైవాళ్లు ఒక మాట తీసేయమన్నప్పుడల్లా, తీసేముందు ఆ మాట ఎవరిదో వాళ్ల దగ్గరికి వెళ్లి, దీని బదులు ఏం చెబుదామని అడిగేదాన్ని. ప్రతిసారీ జవాబు దొరకలేదు. దొరికినప్పుడు మాత్రం, నా అంతట నేను రాయగలిగిన దానికంటే అదే ఎక్కువ పని చేసింది.