చెయ్యి జారిన గీత

అరవై మూడేళ్ళు వచ్చేదాకా కాజాలమ్మ చెయ్యి వాచీ ఎరగదు. పెళ్ళాడింది మాత్రం వాచీలు బాగుచేసే మనిషిని. ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఇంట్లో ఎప్పుడు చూసినా పది పన్నెండు వాచీలు టిక్కుటిక్కుమంటూనే ఉండేవి, కాని అన్నీ పరాయివాళ్ళవే. "నాకూ ఒకటి కట్టరాదూ?" అని ఆవిడ అడిగితే, "నీకెందుకే? నువ్వు లేస్తే తెల్లారినట్టు, నువ్వు పడుకుంటే పొద్దుపోయినట్టు" అని ఆయన నవ్వి తప్పించుకునేవాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

చొక్కాలకు కాజాలు కుట్టేది కాబట్టి ఆవిడ కాజాలమ్మ. మూడు దర్జీ కొట్లవాళ్ళు పంపిన చొక్కాలు ఒళ్ళో వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంటే, మళ్ళీ లేచేది పొయ్యి మీద ఏదైనా మాడిన వాసన వచ్చినప్పుడే. కాజా పూర్తవగానే సూదిని ఒక్కసారి గట్టిగా నొక్కి ముడి వేయడం ఆవిడ చేతికి పట్టిన అలవాటు. ముడి వేయని కుట్టు గడియ పెట్టని తలుపేనని దబాయించేది.

ఆయన చెయ్యి వేరు. బియ్యపు గింజ కంటే చిన్న స్క్రూని కూడా పట్టీ పట్టనట్టు పట్టుకునేవాడు. బాగుచేసిన ప్రతి వాచీకీ వెనక మూత లోపలి వైపు సూదిమొనతో చిన్న కొడవలి, దాని పక్కన ఒక చుక్క గీసేవాడు. ఆ పనివాళ్ళు ఎవరి గుర్తు వాళ్ళు అలా పెట్టుకుంటారు. వాచీ కట్టుకున్నవాడికి అది ఎన్నటికీ కనబడదు, మూత విప్పిన మరో పనివాడికే కనబడుతుంది. కొడవలి ఉందంటే లోపల దొంగ సామాను లేదని బజారంతా నమ్మేది. స్క్రూడ్రైవరు జారి లోపలి ఇత్తడి మీద గీత పడితే ఆ పనిలో అంతకు మించిన నామోషీ లేదు. ఆయనకు ఆ నామోషీ తెలియదు. తోటివాళ్ళు ఆయనకు 'జారని చెయ్యి' అని పేరు పెట్టారు. అందులో సగం మెచ్చుకోలు, సగం కడుపుమంట.

ఆయన పోయి రెండేళ్ళయింది. పనిముట్లన్నీ బతికుండగానే ఎవరికో ఇచ్చేశాడు. ఇక మిగిలినవి ఫోటోలు, చొక్కాలు. ఆ చొక్కాల కాజాలు కూడా తను కుట్టినవేనాయె! ఊళ్ళో ఎందరి మణికట్ల మీదో ఆయన పనితనం తిరుగుతోంది, తన ఇంట్లోనే లేదు. ఆయన చెయ్యి పడిన వాచీ ఒక్కటి తన చేతికి కట్టుకోవాలన్న కోరిక ఆవిడకు ఈ వయసులో పట్టుకుంది. పట్టుకుందంటే మరి వదలలేదు.

మార్కెట్టు వెనక సందులో ఇరుకు మెట్లెక్కితే పాత వాచీలు అమ్మే కొట్టు ఉంది. నెల తిరక్కుండా ఆవిడ అక్కడికి వెళ్ళడం అది నాలుగోసారి. ఆసారి కూతురు కూడా వెంట వచ్చింది. కొట్టతను ఓపికమంతుడు. కొడవలి కోసం వాచీ తర్వాత వాచీ మూత విప్పి చూపిస్తూ, పాఠం కూడా చెప్పాడు.

"ముఖం చూసి మోసపోకూడదమ్మా. ఈ కాలంలో పాత వాచీలక్కూడా ముఖానికి రంగులేసి తెస్తున్నారు. అంకెల అంచులు చూడాలి, ముళ్ళూ ముఖమూ ఒకే ఈడువా కాదా చూడాలి. ఆ తర్వాత లోపల స్క్రూల తలలు. అవి అబద్ధమాడవు."

ఆ మాట అంటూనే ఒక చిన్న స్టీలు వాచీ మూత విప్పి, తిరగేసి, ఆగిపోయాడు. కొడవలి, పక్కన చుక్క.

"అమ్మా, నాన్నది!" అంది కూతురు. ఆ పిల్ల కళ్ళు అప్పుడే నిండిపోయాయి.

కాజాలమ్మ భూతద్దం అందుకుని చూసింది. చాలాసేపు చూసింది. ఆయన కొడవలి మొన ఉందా లేదా అన్నంత సన్నగా ముగుస్తుంది. ఈ కొడవలి మొన దగ్గర ఎవరో గట్టిగా నొక్కారు. ముడి వేసినట్టు నొక్కారు. ఆ గుర్తు ఆయనది కాదు, తనది.

వద్దని చెప్పడానికి నోరు తెరిచింది. ఈలోగా కొట్టతను వాచీ లోపలికి తొంగిచూసి నాలుక చప్పరించాడు.

"సామానంతా అసలుదే. గుర్తూ అసలుదే. కానీ ఒక్క మచ్చ ఉందమ్మా. ఈ ఊగే చక్రం పక్కన చూడండి, స్క్రూడ్రైవరు జారింది. మేస్త్రీగారి చెయ్యి కాదిది. ఆయన తర్వాత ఎవడో చేతగానివాడు వేలు పెట్టాడు."

ఆవిడ మళ్ళీ భూతద్దం పెట్టుకుంది. ఇత్తడి మీద వెంట్రుకంత గీత. మధ్యలో ఒక వంపు, జారుతున్న చేతిని ఆపుకోబోయినట్టు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. చెయ్యి జారితే ఏం చేయాలో మాత్రం చెప్పకుండా పోయారు. ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కిర్రుమని చిన్న చప్పుడైతే ఆవిడ కుట్టు మీదినుంచి తలెత్తి చూసింది. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి, కుడిచేతిని తొడ కింద అదిమిపెట్టి కూర్చున్నాడు.

"ఇది నా మాట వినడం లేదే" అన్నాడు, ఎవరో అల్లరి పిల్లవాడి మీద చాడీ చెప్పినట్టు.

మిగతా స్క్రూలు ఆవిడే బిగించింది. ఆయన పక్కన కూర్చుని, ఊపిరి బిగబట్టమనీ, తిప్పడం ఆపమనీ చెబుతూ వచ్చాడు. చివర్లో కొడవలి కూడా ఆవిడ చేతే గీయించాడు. "అమ్మాయికి కూడా చెప్పకు" అన్నాడు. కూతురు అప్పుడు ఉద్యోగానికి వేరే ఊళ్ళో ఉంది. ఆ తర్వాత నాలుగేళ్ళు చూపు ఆయనది, చెయ్యి ఆవిడది. బజార్లో ఎవరైనా 'జారని చెయ్యి' అని పొగిడితే ఆయన ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఆ రోజు తర్వాత ఆయన ఒక్క వాచీ కూడా తన చేత్తో విప్పలేదు.

అంటే లోకమంతా ఆయనదని నమ్మే గుర్తు ఈవిడది. చేతగానివాడెవడిదో అని వెక్కిరిస్తున్న గీత ఆయనది. ఆయన చెయ్యి చేసిన ఆఖరి పని అది.

"వద్దులే అమ్మా, ఇంకొకళ్ళ చెయ్యి పడిందట. నాన్న ఒక్కడి చెయ్యే ఉన్నది దొరికేదాకా చూద్దాం" అంది కూతురు.

"ఇదే కావాలి."

"అది కాదమ్మా..."

"ఇదేనన్నానా!"

కొట్టతను సర్దిచెప్పబోయాడు. "పోనీ ఆ గీత ఎంతసేపమ్మా, ఇప్పుడే పాలిష్ పట్టి తీసేస్తాను. ఎవరూ కనుక్కోలేరు."

"దాన్ని ముట్టుకోకు!" అని ఆవిడ అరిచిన అరుపుకు కొట్టతని చేతిలోంచి మూత బల్లమీద పడి గిర్రున తిరిగింది. ఆవిడే దాన్ని తీసుకుంది, వాచీకి అమర్చింది, బొటనవేలితో నొక్కి టక్కుమని మూసేసింది. బేరం కూడా ఆడలేదు. కూరల దగ్గర కూడా రెండుసార్లు వెళ్ళిపోతున్నట్టు నటించే మనిషి!

మూత అంత ఒడుపుగా మూయడం ఆవిడకెలా వచ్చిందా అని కొట్టతను వింతగా చూశాడు. మెకానిక్ పెళ్ళాం కదా, చూసి నేర్చుకుందనుకుని ఊరుకున్నాడు.

మెట్లు దిగుతుంటే వాచీ ఆవిడ ఎడమ మణికట్టు మీద వదులుగా ఊగింది. కూతురు చెయ్యి పట్టుకుని దింపుతూ అడిగింది.

"ఆ గీత అంటే అంత ఇదెందుకమ్మా నీకు? ఎవడో పాడుచేసిందేగా?"

కాజాలమ్మ ఒక మెట్టు మీద ఆగింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మాయికి కూడా చెప్పకు.

"తిట్టకే. ఎవరో పాపం, చెయ్యి వణికి ఉంటుంది" అంది.

ముప్పై ఏడేళ్ళు కాపురం చేసిన మనిషిని 'ఎవరో' అన్నందుకు ఇల్లు చేరేదాకా ఆవిడకు ఏడుపు ఆగలేదు. కూతురు మాత్రం, అమ్మ నాన్న గుర్తును చూసి ఏడుస్తోందనుకుంది.