చావు డోలు విని వచ్చినవాళ్లు

మొన్న భద్రాచలంలో పాత సంగీతానికీ నాట్యానికీ సినిమాకూ కలిపి ఉత్సవం పెడితే, మనవరాలు చేయి పట్టుకుని తీసుకెళ్లి నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టింది. కూచిపూడి అయ్యాక తెర మీద మా అడవి పల్లెల పాత సినిమా ఒకటి వేశారు. అందులో డోలు మోగగానే నేను లేచి నిలబడ్డాను. ఆ పల్లెల్లో పుట్టిన నా ఈడువాళ్లు ఎవరైనా అలాగే లేచేవారు. అది చావు డోలు, కొట్టేది మా అయ్య.

దుమ్ముగూడెం దాటి లోపలికి పోతే వాగుకు ఇవతల మా గూడెం, అవతల మా మేనమామ గూడెం. ఫోన్లు లేని ఆ రోజుల్లో మనిషి పోతే కబురు మోసేది డోలే, ఎవరినీ పంపి పిలిచే ఆనవాయితీ లేదు. పెండ్లి దెబ్బ వేరు, పండుగ దెబ్బ వేరు. చావు దెబ్బ చెవిన పడితే మాత్రం దున్నేవాడు నాగలి వదిలి, వండే ఆమె పొయ్యి ఆర్పి, కొంగున గుప్పెడు బియ్యం కట్టుకుని బయలుదేరాల్సిందే. పోయింది ఆడమనిషి అయితే పుట్టింటి బట్ట కప్పనిదే పాడె లేవదు. శవం లేని ఇంట ఆ దెబ్బ వేయకూడదని పిల్లలకు కూడా తెలుసు.

నేను తునికాకు కోతకు పోయే వయసులో సినిమా తీసేవాళ్లు జీపులో వచ్చారు. పెండ్లి ఆట తీసుకున్నాక చావు డోలు కూడా కావాలన్నారు. పెద్దలు వద్దన్నారు గానీ, వాళ్లు మర్యాదగా అడిగారు, మా అయ్యకు తన చేతి మీద గర్వం, ఉత్తుత్తి ఆటే కదా అని డోలు మెడకు వేసుకున్నాడు. గడ్డి మోపుకు దుప్పటి కప్పి, దాని తలాపున కూర్చుని ఏడవడానికి మా అమ్మను పిలిచారు.

ఆట సగంలో ఉండగానే జనం ఏడుస్తూ వాగు దాటి వచ్చారు. చలిజ్వరాలతో ఉన్న చెల్లెలే పోయిందనుకుని మా మేనమామ చంకలో కొత్త బట్టతో అందరికన్నా ముందు వచ్చాడు. ఆమె బతికి కూర్చుని ఉండడం చూసి దగ్గరికి వచ్చి వంగి ముఖంలోకి చూశాడు.

"ఏందే, బతికే ఉన్నవా? నీకనే బట్ట తెస్తిని గదనే" అన్నాడు.

"ఉంచరాదే అన్నా, ఎప్పటికైనా నాకే గద" అని అమ్మ నవ్వింది.

మామ నవ్వలేదు. చావుకని తెచ్చింది ఇంటికి తిరిగి పోకూడదు కనుక బట్టను పొలిమేరలో మద్దిచెట్టు కొమ్మకు కట్టి, బియ్యం అక్కడే పారబోసి అందరూ వెళ్లిపోయారు. తర్వాత చాలా రోజులు వాళ్ల గూడెంలో ఆ సంగతి చెప్పుకుని నవ్వుకున్నారట.

ఆ వానాకాలమే జ్వరం తిరగబెట్టి అమ్మ పోయింది. అయ్య పొద్దున్నే డోలు అందుకుని, కొట్టి, ఆగి వాగు వైపు చూసి, మళ్లీ కొట్టాడు. వాగులో నీళ్లు దాటలేనంత లేవు. అయినా ఎవరూ రాలేదు. పొద్దు వాలాక, ఇక ఉంచలేక, కట్టుచీరతోనే ఎత్తారు. మోసే మనుషులు చాలక అయ్య కూడా డోలు దించి భుజం పెట్టాడు. అలా డోలు లేకుండానే అమ్మ కాటికి వెళ్లింది.

మర్నాడు సంతకు పోతూ మామ మా గుడిసె ముందు ఆగాడు.

"ఏంది బావా, నిన్న మళ్లా సినిమావోళ్లు వచ్చిండ్రా?"

పొయ్యి దగ్గర నేను ఒక్కదాన్నే ఉండడం చూసి మామ వాకిట్లోనే కూలబడ్డాడు. అయ్య మళ్లీ డోలు ముట్టలేదు, దాని తోలు ఎలుకలు కొరికేశాయి.

మొన్న తెర మీద అమ్మ గడ్డి మోపు కోసం ఏడ్చింది. నడివయసు దాటాక నేర్చుకున్న అక్షరాలతో కింద రాసింది కూడబలుక్కున్నాను. అడవి డోలు నృత్యం అని ఉంది. ఇప్పుడు మా వైపు చావు కబురు ఫోన్లో వస్తుంది, వచ్చినవాళ్లు బండ్ల మీద వచ్చి గంటలో వెళ్లిపోతారు, ఆ దెబ్బ గుర్తుపట్టేవాళ్లు కొద్దిమందే మిగిలాం.

"కూసో అమ్మమ్మా, ఎనకోళ్లకు కనబడ్తలేదట" అని మనవరాలు చేయి లాగింది. కూర్చుంటూ వెనక్కి చూస్తే మైదానం నిండా జనం. అమ్మ పోయిన రోజు వాగు అవతలి నుంచి ఒక్క మనిషిని తేలేకపోయిన డోలు ముందు ఇంతమంది కూర్చున్నారు. అది ఆగగానే అందరూ చప్పట్లు కొట్టారు. నా చేయి కొంగు ముడి కోసం వెతికింది. అందులో బియ్యం లేవు.