ఎలుగుబంటిని పేరు పెట్టి పిలవనివాళ్లు

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు పక్క ఫుట్‌పాత్ మీద, కోచింగ్ గైడ్ల కింద నలుగుతున్న ఒక లావుపాటి పుస్తకం కొన్నాను. యూరప్ భాషల్లో మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పే పుస్తకం. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. బంద్‌ల వల్ల కాలేజీ నడవని రోజులే ఎక్కువ, చదువుకోవడానికి బోలెడంత తీరిక.

అందులో ఎలుగుబంటి దగ్గర ఆగిపోయాను. సంస్కృతంలో ఋక్షం, గ్రీకులో ఆర్క్‌తోస్, లాటిన్‌లో ఉర్సుస్. మూడూ ఒక్క పాత మాటకు పుట్టినవే. ఉత్తరాన, ఎలుగుబంట్లు ఎక్కువగా తిరిగే అడవుల పక్కన మాత్రం ఆ మాట మాయమైంది. పేరు పలికితే అది వచ్చేస్తుందని వేటగాళ్లు భయపడి ఉంటారని పండితుల ఊహ. ఇంగ్లీషు, జర్మన్ భాషల 'బేర్'కు మొదటి అర్థం 'గోధుమరంగుది' అంటారు. రష్యన్ 'మెద్వేద్' అంటే తేనె తినేది. మారుపేర్లు వాడీ వాడీ అసలు పేరే మరిచిపోయారు.

నాకిది కొత్తగా అనిపించలేదు. పోచంపల్లి దగ్గర మా ఊళ్లో నాయనమ్మ, దీపాలు పెట్టినంక పామును పాము అననిచ్చేది కాదు. "పురుగు అనాలె బిడ్డా" అనేది.

హైదరాబాదులో మా ఇంటి పై పోర్షన్‌లో గుంటూరు వైపు వాళ్లు కిరాయికి ఉండేవాళ్లు. వాళ్లమ్మాయి నాకన్నా కొంచెం పెద్ద. నేను నోరు విప్పి మాట్లాడేది ఆ అక్కతోనే. మా నాన్న తన చీరల షాపులో రోజంతా తెలంగాణ గురించే మాట్లాడేవాడు. ఇంటికొచ్చి పైవాళ్లు ఎదురుపడితే అది 'గా ముచ్చట' అయిపోయేది. పై ఆంటీ 'ఆ గొడవ' అనేది. అంతకు మించి ఎవరూ అనేవాళ్లు కాదు.

ఒక బంద్ రోజు డాబా మీద బట్టలు ఆరేస్తూ అక్కకు ఎలుగుబంటి సంగతి చెప్పాను. ఆమె నవ్వింది.

"మన ఇంట్లోనూ ఒకటుందిగా" అంది. దండెం మీద తడి చీర సర్దుతూ, "తెలంగాణ వస్తే మీ నాన్నగారు మమ్మల్ని ఖాళీ చేయమంటారా? మా నాన్న విజయవాడలో ఇల్లు చూస్తున్నారు" అంది.

ఆమె వెళ్లిపోతే నాకెవరున్నారు? ఖాళీ బకెట్ తీసుకుని దిగొచ్చాను. ఆ సాయంత్రం అన్నం తింటుంటే నాన్ననే అడిగాను.

"ఎవలన్నరు ఖాళీ చేయమని?" అన్నాడు. గబగబా తిని, చెయ్యి కడుక్కుని పైకెక్కాడు. వెనకే వెళ్లి మెట్ల మీద నిలబడ్డాను.

"అన్నా, తెలంగాణ రావాలె. నా మనసుల గదే ఉంది. మీరు ఇల్లు ఇడిచిపోవుడు గూడ నాకిష్టం లేదు. రెండూ చెప్తున్న."

అంకుల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మాకు రాకూడదనే ఉందండీ. మీకు ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను."

"చెప్పుర్రి, ఏమైతది?"

"అయితే ఇంకోటి కూడా చెప్తాను. ఆ నీళ్ల మోటారు బాగు చేయించండి."

"తెలంగాణకు, మోటారుకు ఏం సంబంధమన్నా?"

"రెండూ రేపొస్తాయి, ఎల్లుండొస్తాయి అంటూనే ఉన్నారుగా మీరు."

లోపల ఆంటీ నవ్వింది. నాన్న కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

మర్నాటి నుంచి ఇద్దరూ గేటు దగ్గర పేపరు పట్టుకుని తెలంగాణ, ఆంధ్ర అని పేర్లు పెట్టే కొట్లాడుకునేవాళ్లు. ఛాయ్ చల్లారిపోతోందని మా అమ్మ విసుక్కునేది. విజయవాడ ఇల్లు వద్దని చెప్పేశారని అక్క నా చెవిలో చెప్పింది కూడా అలాంటి ఒక పొద్దున్నే. కింద నాన్న గొంతు పెరుగుతోంది, అంకుల్ గొంతు అంతకన్నా.