పిట్టకు ఒడిబియ్యం

గుడ్లగూబ కోసం బీడులో పసుపు బియ్యం పోసిన మనిషి మీద ఎంత గయ్యిమని లేచానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆమె ఇస్నాపూర్‌లో మా ఇంటి ఓనరు. నేనూ మా ఆయనా ఆమె ఇంట్లో కిరాయికుంటాం. పెద్దమ్మ అని పిలుస్తాను. బడిలో పాఠాలు చెప్పి చెప్పి నాకు నోరు కాస్త ఎక్కువైంది. ఆమెకు నాకంటే ఎక్కువ. అందుకే ఇద్దరికీ ఇన్నేళ్లుగా పడుతోంది.

ఫ్యాక్టరీ గోడ పక్కన పెద్దమ్మకు నడుము దాకా గడ్డి పెరిగిన బీడు ఒకటుంది. చలికాలంలో హిమాలయాల అవతలి నుంచి ఒక జాతి గుడ్లగూబలు వచ్చి, చెట్టెక్కకుండా ఆ గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. వాటిని వలతో పట్టి, కాలికి నంబరున్న చిన్న రింగు తొడిగి వదిలేసే పరిశోధకురాలు ఒకామె వచ్చింది. ఎక్కడి పిట్ట ఎక్కడికి పోతుందో ఆ నంబరును బట్టి తెలుస్తుందట. ఊరంతా ఆమెను పిట్టల మేడం అన్నారు. అటవీశాఖ అనుమతి ఆమెది, మిగతాదంతా మాది. వలకు వెదురు బొంగులు రైతులిచ్చారు. మా చర్చివాళ్లు కుర్చీలు, చాయ్ ఫ్లాస్కులు పంపారు. షిఫ్టు దిగిన కిరాయిదారులు వచ్చి బొంగులు పాతారు.

మొదట పెద్దమ్మ మూతి తిప్పుకుంది. "గూబను పట్టుడేంది? దాని పేరు తీస్తేనే అరిష్టం," అంది. అయినా ఊరుకోలేక చూడటానికొచ్చింది. పోయిన చలికాలం ఒక సాయంత్రం వలలో పిట్ట పడింది. మేడం రింగు తొడుగుతుంటే పెద్దమ్మ వంగి చూసింది. పసుపుపచ్చ కళ్లతో అది కూడా ఆమెనే చూసింది.

"కాలికి మట్టె తొడిగి పంపుతున్నరంటే మన బిడ్డే గదా," అంది పెద్దమ్మ.

ఆడదో మగదో మేడమే గట్టిగా చెప్పలేదు. పెద్దమ్మ మాత్రం తేల్చేసింది. బిడ్డ అత్తగారింటికి పోతోంది, మళ్లీ చలికి పుట్టింటికి వస్తుంది. అంతే.

ఈ ఏడు చలి మొదలవుతుండగా పెద్దమ్మ కొడుకు ఆ బీడును చదును చేయించి, పక్క ఊరు ముత్తంగిలోని గోదాములకొచ్చే లారీలు నిలపడానికి కిరాయికిస్తానన్నాడు. చెడ్డవాడేం కాదు. ఊరికే పడి ఉన్న నేలను చూస్తే అతనికి మనసొప్పదు.

"బిడ్డ వస్తే యాడ దిగుతది రా? లారీ మీదనా?" అంది పెద్దమ్మ.

కొడుకు నవ్వాడు. "నీ బిడ్డ నిజంగ వస్తే బీడు మాటే ఎత్తనమ్మా. చలి పోయేలోపల రాకుంటే జేసీబీ తెస్త."

"తే," అందామె.

రింగు వేసిన పిట్ట మళ్లీ అదే చోట దొరకడం చాలా అరుదని మేడం ఎన్నిసార్లు చెప్పలేదు! "జెర ఆలోచించి మాట్లాడరాదా పెద్దమ్మా," అని ఆమెనే కసిరాను.

రోజూ సాయంత్రం వల కట్టాం. పిట్టలు బీడు ఆ చివరనే తిరిగాయి గానీ వల వైపు రాలేదు. చలి పలచబడుతోంది. అప్పుడే ఒక ఉదయం వల బొంగుల దగ్గర పసుపు కలిపిన బియ్యం, వక్కలు, ఎండు ఖర్జూరాలు కనిపించాయి. పుట్టింటికొచ్చిన ఆడపిల్లకు కొంగులో పోసే ఒడిబియ్యం అచ్చంగా అదే. రవికె ముక్క ఒక్కటే తక్కువ.

"గూబ బియ్యం తింటదా? అది మాంసం తినే పిట్ట!" అన్నాను.

"తినకుంటే మానె. ఒడిబియ్యం తినేటందుకే పోస్తరా? ఈ ఇల్లు నీదేనని చెప్పేటందుకు పోస్తరు."

నేను ఇంకో రెండు మాటలు విసిరే బడికి పోయాను. ఆమె రోజూ పోస్తూనే ఉంది.

బియ్యం వాసన మొదట ఎలుకలు పట్టాయి. బొంగుల చుట్టూ కిచకిచలు మొదలయ్యాయి. ఎలుకల వెనకే పిట్టలొచ్చాయి. ఒక మునిమాపు వల కదిలింది. మేడం పిట్టను మెల్లగా విడిపించి కాలు చూసింది. రింగు ఉంది. నంబరు చదివి, ఫోనులో సరిచూసి తలూపింది. అదే పిట్ట. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

కొడుకును పిలిపించారు. అతను వంగి, రింగు నంబరును మేడం ఫోనులోని నంబరుతో తనే సరిచూశాడు. పెద్దమ్మకు అతని ధ్యాసే లేదు. "గింత బక్కగైనవేంది బిడ్డా? అత్తగారు తిండి పెడుతలేదా?" అని పిట్టనడుగుతోంది. అందరం పగలబడి నవ్వాం.

"ఇగ జేసీబీ వద్దని చెప్త తియ్యమ్మా," అన్నాడు కొడుకు.

మేడం వదలగానే పిట్ట గడ్డి మీదుగా పోయి అదే బీడులో వాలింది. పెద్దమ్మ పళ్లెంలో బియ్యం ఇంకా మిగిలే ఉంది. నా వైపు తిరిగింది.

"అదైతే ఉత్తగనే పాయె. నువ్వు పట్టు కొంగు."

మా చర్చి ఇళ్లలో ఆ అలవాటు లేదు. మా అమ్మ పోయాక నాకు పుట్టిల్లంటూ కూడా లేదు. "నేను కిరాయికున్నదాన్ని గదా పెద్దమ్మా," అన్నాను.

"కిరాయి ఇంటికి, నీకు గాదు. పట్టు."

ఏడుపొచ్చింది. కొంగు పట్టాను.