హెచ్ అక్షరంలో అడ్డగీత

ఆరేళ్ల క్రితం నేను నాచారంలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో పనిచేసేదాన్ని. అప్పట్లో నాకు ఒక ఇంగ్లిష్ ఫాంటు అంటే పిచ్చి. ఫ్యాషన్ పత్రికల అట్టల మీద, ఖరీదైన సెంటు డబ్బాల మీద మీరూ చూసే ఉంటారు. నిలువు గీతలు స్తంభాల్లా లావుగా, అడ్డగీతలు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. అక్షరాల పాదాల కింద కూడా అదే సన్నని గీత, వంపు లేకుండా తిన్నగా. ఎప్పుడో రెండు వందల ఏళ్ల నాటి రూపం. కాగితం నునుపుదేలాకే అంత సన్నని గీతలు అచ్చులో నిలిచాయని కోర్సులో చదువుకున్నాను. పెద్ద సైజులో, దగ్గరగా చూసే చోట దాని అందమే వేరు. దూరం నుంచి చూస్తే మాత్రం సన్న గీతలు కనిపించవు. అది కూడా ఆ కోర్సులోనే చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద ఒకాయన కొత్తగా చీరల షోరూం పెడుతూ మా దగ్గరికి వచ్చాడు. షాపు పేరు ఆ ఫాంటులో పెట్టి చూపించాను. చాలా నచ్చింది. పక్కగోడ మీద ఫ్లెక్సు కాకుండా చేత్తోనే రాయించాలన్నాడు. అలా పెయింటర్ వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, ఇల్లు పీర్జాదిగూడలో. నాచారంలో చాలా ఫ్యాక్టరీల గేట్ల మీద పేర్లు ఆయన రాసినవే. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని.

ప్రింటు చేతికివ్వగానే కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు.

"బిడ్డా, గీ సన్న గీతలు రోడ్డు అవతలకెల్లి కనవడయి. జర లావు జేస్త."

"వద్దు బాబాయ్. ప్రింటులో ఎంత ఉందో అంతే ఉండాలి. లావు చేస్తే అది ఆ ఫాంటే కాదు."

"గోడ కాయితం కాదు గదమ్మా."

నేను వినలేదు. రెండో రోజు వెళ్లి చూస్తే హెచ్ అక్షరంలో అడ్డగీతను వేలంత లావుగా రాసి ఉన్నాడు. పరంజా కింద నిలబడి ప్రింటు పైకెత్తి చూపిస్తూ, ఇది తప్పు, చెరిపేయండి అన్నాను. ఆయన "సరే, నీ ఇష్టం" అని దాని మీద తెల్ల రంగు వేశాడు. అది ఆరాక, చాక్ పొడి పూసిన దారం లాగి కొట్టి, ఆ గుర్తు మీద సన్న కుంచెతో మళ్లీ గీశాడు. ఎక్కడా కుంచె తడబడలేదు. అంత శుభ్రమైన గీత నేను కంప్యూటర్లో తప్ప ఎక్కడా చూడలేదు. సంబరంగా ఫొటోలు తీసుకున్నాను.

పని పూర్తయిన రోజు ఓనరు కారు రోడ్డుకు అవతల ఆపి, అక్కడి నుంచే చూశాడు. నేనూ అక్కడికి వెళ్లాను.  హెచ్ రెండు కట్టెలైపోయింది. ఇంగ్లిష్ 'E'లో ఒక్క స్తంభమే మిగిలింది. మధ్యాహ్నం ఎండలో షాపు పేరు ఇనుప కటకటాల్లా ఉంది.

ఓనరు నాతో పాటు రోడ్డు దాటి, ఫుట్‌పాత్ మీద నలుగురూ చూస్తుండగా పెయింటర్ మీద అరిచాడు.

"ఏంది పెద్దమనిషీ, గిదేనా నువ్వు రాసింది? ముప్పై ఏండ్ల సంది రాస్తున్న అంటివి, గీత గీసుడు రాదా? మేడం డిజైన్ మంచిగిచ్చింది, నువ్వే ఖరాబ్ జేసినవ్."

పెయింటర్ నా వైపు చూశాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన లావు చేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. నేను ఫోను తీసి, ఏదో మెసేజ్ చూస్తున్నట్టు తల దించుకున్నాను. ఆయన కుంచెలు కిరోసిన్‌లో కడిగి, గుడ్డతో తుడుచుకుని, డబ్బాలు సంచిలో సర్దుకుని వెళ్లిపోయాడు. వారానికల్లా ఆ గోడ మీద ఫ్లెక్సు వచ్చింది.

ఏడాదిన్నర తర్వాత, కనుక్కుంటూ కనుక్కుంటూ పీర్జాదిగూడ వెళ్లాను. కొత్త అపార్ట్‌మెంట్ సెల్లారులో నేల మీద గొంతుక్కూర్చుని పార్కింగ్ నంబర్లు రాస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"ఆ రోజు నేను చెప్పాల్సింది బాబాయ్. మీరు ముందే చెప్పారని."

"జెప్తవనే జూసిన బిడ్డా. జెప్పలే." గొంతులో కోపం లేదు.

"భయమేసింది."

"ఎందుకు? నిన్నేమన్న గొడ్తుండెనా?"

 ఆయన నంబరు పూర్తిచేసి పక్కకు జరిగాడు.

"ఆ సేటు నలుగురికి జెప్పిండు. గప్పటికెల్లి ఉప్పల్‌ల గోడ పని ఎవ్వలియ్యలే. పోనీ తీ, ఫ్లెక్సులొచ్చినంక ఎట్లైన పోయేదే."

అటు నుంచి అటే షోరూముకి వెళ్లి, తప్పు నాదని ఓనరుకు చెప్పాను.

"ఏ పెయింటరమ్మా?" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. "ఓ, గదా! అయిపోయింది గద, ఇడిసిపెట్టు" అని నవ్వి, నాకు చాయ్ తెప్పించాడు. తాగి బయటికి వచ్చేశాను.

ఓనరుతో చెప్పానని పెయింటరుకు చెప్పి రావాలని చాలాసార్లు అనుకున్నాను. వెళ్లలేదు. వెళ్లి ఏం చెప్పను? ఆ మాట ఆయనకు అవసరమైంది ఆ మధ్యాహ్నమే, ఆ నలుగురి ముందే.