కుందేలు పెట్టె పక్కన అప్పలనరసమ్మ

డాక్టర్ ఊర్మిలకు నెల తప్పిందని తెలిసిన రోజునే అప్పలనరసమ్మ చేతికి మాస్కు వచ్చింది.

మాస్కు అంటే మనం ముక్కుకు కట్టుకునేది కాదు. కుందేలు మూతికో, లవ్‌బర్డ్ ముక్కుకో ఆనించి మత్తు ఆవిరి ఎక్కించే చిన్న రబ్బరు గిన్నె. అప్పటిదాకా ఆపరేషన్ జరిగినంతసేపూ దాన్ని పట్టుకుని నిలబడేది ఊర్మిల. ఆ ఉదయం క్లినిక్ యజమాని, పెద్ద డాక్టరు హరిబాబు, "ఇకనుంచి ఇది నువ్వు పట్టుకో అప్పలనరసమ్మా. డాక్టరమ్మ ఈ గదిలోకి రాదు" అన్నాడు. ఎందుకు రాదో చెప్పలేదు. టీ తాగుతూ డాక్టర్లిద్దరూ మాట్లాడుకుంటుంటే గ్లాసుల కోసం వెళ్లిన అప్పలనరసమ్మకు అదీ తెలిసింది. ఆ ఆవిరి గదిలోకి కారుతుంది. రోజూ పీల్చేవాళ్లకు మంచిది కాదు. కడుపుతో ఉన్న మనిషి అసలు దగ్గరికి రాకూడదు.

అంటే ప్రమాదం ఉందని వాళ్లకు తెలుసు. తెలిసే దాన్ని ఒక మనిషి మీంచి తీసి మరో మనిషి మీద పెట్టారు. ఆ మరో మనిషి కాగితాల మీద ఊడ్చే మనిషి. ఆ పేరూ మారలేదు, జీతమూ మారలేదు. అప్పలనరసమ్మ గ్లాసులు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, వచ్చి మాస్కు పట్టుకుంది.

ఇది బస్తర్‌లో, ఇనుపగనుల కొండ కింద ఉన్న టౌన్‌షిప్. ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఎర్రబడే ఊరు. అప్పలనరసమ్మ పెళ్లయిన కొత్తలో విజయనగరం వైపు నుంచి మొగుడి వెంట ఇక్కడికి వచ్చింది. అతను ఖనిజం లోడింగ్ దగ్గర కాంట్రాక్టరు కింద ఠేకా కూలీగా చేసి చేసి నడుం పోగొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. ఆమె ఈ జంతువుల క్లినిక్‌లో కుదిరింది. ఆఫీసర్ల క్వార్టర్లలో, బజారు సేట్ల ఇళ్లలో ఇప్పుడు కుక్కలు పాతబడ్డాయి. కుందేళ్లు, గినీ పందులు, రంగురంగుల పిట్టలు వచ్చాయి. కొండ అవతల పల్లెల్లో దుక్కిటెద్దు కాలు విరిగితే చూసే డాక్టరు దొరకడు. ఇక్కడ కుందేలు పంటికి ఏసీ గదిలో వైద్యం. ఇందులో కుందేలు తప్పేమీ లేదు.

కుందేలు పళ్లు అది బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలాల్సిన జంతువును బిస్కెట్లు పెట్టి పెంచితే ఆ పళ్లు అరగవు. నాలుకలోకి, బుగ్గలోకి గుచ్చుకుంటాయి. అది తిండి మానేస్తుంది. మత్తు ఇచ్చి వాటిని అరగదీయాలి. కుక్కకైతే గొంతులోకి గొట్టం దించి మత్తు ఇస్తారు కాబట్టి ఆవిరి పెద్దగా బయటికి రాదు. కుందేలు నోరు ఇరుకు, గొంతు ఎక్కడో లోపల. పిట్ట సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని వీటిని ముందు ఒక ప్లాస్టిక్ పెట్టెలో కూర్చోబెట్టి ఆ పెట్టెలోకి ఆవిరి వదులుతారు. అవి వాలిపోయాక బయటికి తీసి మాస్కు పెడతారు.

ఆ పెట్టెకు రెండు రంధ్రాలు. ఒకదానికి మెషిన్ నుంచి వచ్చే గొట్టం. రెండోది ఖాళీగా ఉంటుంది. లోపలికి వెళ్లిందంతా అందులోంచి గదిలోకి వస్తుంది. నిజానికి ఆ రెండోదానికి కూడా ఒక గొట్టం తగిలించి, కిటికీలోంచి ఆవిరిని బయటికి పంపాలి. గొట్టం తగిలించలేదు. కిటికీకేమో, ఏసీ చల్లదనం పోతుందని మేకులు కొట్టేశారు. తియ్యటి వాసన ఒకటి ఆ గదిని వదిలేది కాదు.

రోజుకు రెండు మూడు ఇలాంటివి అయ్యేసరికి అప్పలనరసమ్మ తల రుబ్బురోలైపోయేది. ఇంటికెళ్లి అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోలేక పడుకునేది.

"నాకు మానిపించేసి నువ్వు తాగొస్తన్నావేటే?" అనేవాడు మొగుడు మంచంలోంచి.

"తాగితే బాగున్ను. నాలుగు పాటలైనా పాడుదును" అని గోడవైపు తిరిగేది.

ఊర్మిల బిడ్డను కని తిరిగొచ్చింది. మాస్కు మాత్రం తిరిగి ఆమె చేతికి వెళ్లలేదు. అప్పలనరసమ్మ అడగనూ లేదు. అడిగే ఓపిక కూడా తలనొప్పిలోనే పోయిందని మొగుడితో అన్నది ఒకసారి.

ఈ వానాకాలంలో ఇక చేతకాదనుకుంది. మానేస్తానని హరిబాబుకు చెప్పింది. ఆయన మెషిన్ తుడుస్తూ, "మానెయ్. నీ ఇష్టం. కానీ మంగ్లీకి నేర్పి మరీ వెళ్లు" అన్నాడు.

మంగ్లీ ఆవపల్లి వైపు పిల్ల. దోర్ల తెగ వాళ్లు. ఇంట్లో దోర్లీ, బజార్లో హిందీ, అప్పలనరసమ్మతో తెలుగు. మొగుడు టౌన్‌షిప్‌లో తాపీ పనికి వస్తే వెంట వచ్చి, క్లినిక్‌లో ఊడవడానికి కుదిరింది. ఆమెకిప్పుడు మూడో నెల కడుపు.

"ఆ పిల్ల కడుపుతోటి ఉంది సార్" అంది అప్పలనరసమ్మ.

"అయితే? అడవి మనుషులమ్మా వాళ్లు. పురుడొచ్చే రోజు దాకా పొలంలో వంగుతారు. గట్టివాళ్లు."

ఊర్మిల అక్కడే మందుల అర సర్దుతోంది. అరలోకే చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజు నుంచి అప్పలనరసమ్మకు పని రెండింతలయింది. మాస్కు పట్టుకోవడం ఒకటి, మంగ్లీకి నేర్పకుండా దాటెయ్యడం ఒకటి. ఇవాళ వద్దు, రేపు. రేపు పిట్ట ఉంది, పిట్టతో నేర్చుకోకూడదు, ఎల్లుండి. తాను వెళ్లిపోతే ఆ పెట్టె పక్కన ఆ పిల్ల నిలబడుతుంది. ఉండిపోతే తన తల ఇంకెన్నాళ్లు నిలుస్తుందో తెలియదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ వెనక మెట్ల మీద గిన్నెలు విప్పుకుని కూర్చున్నప్పుడు మంగ్లీయే అడిగేసింది.

"ఏంది పెద్దమ్మ, సారు నేర్పమన్నడు. నువ్వు నేర్పవు. నీ కుర్సీ నేను గుంజుకుంటనని భయమా?"

"కుర్సీ ఎక్కడుందే? నిలబడి నిలబడి నా కాళ్లు కర్రలైపోనాయి."

"మరి ఏంది?"

"ఆ వాసన నీ కడుపుకి మంచిది కాదు. డాక్టరమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఆ గది గుమ్మం తొక్కనేదు. నువ్వూ తొక్కకు."

మంగ్లీ కాసేపు జావ తాగింది. "మా అమ్మ నన్ను కడుపుల పెట్టుకొని సారా బట్టీ కాడనే కూసునేదంట. కుండ మీద కుండ పెట్టి, సందులకు మట్టి మెత్తుతం. ఆవిరి పోయిందంటే సారా పోయినట్టే. జర్ర సందు వదిలినా మా అవ్వ వీపు మీద ఒకటి ఏసేది."

"ఇది ఇప్పసారా కాదే తల్లీ."

"ఆవిరే గద?"

లోపలినుంచి గంట మోగింది. మాట అక్కడే ఆగిపోయింది. దాన్ని తెంచకుండా ఉండాల్సిందని అప్పలనరసమ్మ తర్వాత చాలాసార్లు అనుకుంది.

మర్నాడు టౌన్‌షిప్ స్కూల్లో టీచరు కృష్ణకుమారి తన తెల్ల కుందేలును బుట్టలో తెచ్చింది. దాని పేరు దూది. పళ్లు పెరిగి వారంగా సరిగ్గా తినడం లేదు. హరిబాబు దాన్ని పెట్టెలో పెట్టి, మూత బిగించి, ఆవిరి వదిలాడు. ఫోను మోగితే "చూస్తుండు నరసమ్మా" అని బయటికి నడిచాడు. అప్పలనరసమ్మకు అది వినపడలేదు. మత్తులో కుందేలు ఒళ్లు చల్లబడుతుందని దాని పక్కన పెట్టే వేడినీళ్ల సంచీ కోసం అప్పటికే వంటగదిలోకి వెళ్లింది.

ఆ కాస్త సందులో మంగ్లీ గదిలోకి వెళ్లింది. పొద్దున్నే పుట్టమన్ను తడిపి, పిసికి, గుడ్డలో కట్టుకుని తెచ్చి మూల దాచింది. మూత చుట్టూ మెత్తింది. వాసన ఎక్కడినుంచి వస్తోందో ముక్కు పెట్టి చూసి, ఆ రెండో రంధ్రాన్నీ మట్టితో మూసేసింది. బట్టీ దగ్గర వాళ్ల అవ్వ చూసినా తప్పు పట్టలేనంత నున్నగా మూసింది.

అప్పలనరసమ్మ సంచీతో తిరిగొచ్చేసరికి మంగ్లీ మట్టి చేతులతో నవ్వుతూ నిలబడి ఉంది.

"చూడు పెద్దమ్మ. ఇంక వాసన రాదు. నువ్వు పోనక్కర లేదు, నేను భయపడనక్కర లేదు."

బయటికి దారిలేని గాలి లోపల ఎంతసేపు ఉంటుంది? ఆమె మాట పూర్తవుతుండగానే టప్పున మెషిన్ గొట్టం పెట్టె నుంచి ఊడి, పాము పడగలా లేచి, ఆవిరంతా బుస్సుమని గదిలోకి కక్కడం మొదలెట్టింది. మంగ్లీ కంగారుపడి, దాన్ని మళ్లీ తగిలిద్దామని సరిగ్గా దాని మూతి మీదికే వంగింది.

అప్పలనరసమ్మ సంచీ వదిలేసి ఆ పిల్ల జబ్బ పట్టుకుని గుమ్మం అవతలికి ఒక్క తోపు తోసింది. తలుపు మూసింది. తాను లోపలే ఉంది. మెషిన్ మీద మత్తు చక్రం కట్టేసింది, దాంతోపాటు వచ్చే ఆక్సిజన్‌ను మాత్రం ఉంచింది. మూత లాగితే రాలేదు. తడి మట్టి జారుతోంది. గోళ్లతో గీకి గీకి ఎత్తింది. దూది పక్కకు వాలి ఉంది. కుందేలు మెలకువగా ఉన్నంతసేపూ దాని ముక్కు కదులుతూనే ఉంటుంది. మత్తులో ఆ కదలిక ఆగుతుంది, ఊపిరి మాత్రం తెలుస్తుంది. ఇప్పుడు అదీ ఎప్పుడో ఒకటి వస్తోంది. ఆక్సిజన్ గొట్టానికి మాస్కు తగిలించి దాని మూతికి ఆనించి పట్టుకుంది. ఆమె కళ్ల ముందు గది తిరుగుతోంది.

హరిబాబు పరుగున వచ్చాడు. ఊర్మిల కూడా వచ్చింది, ఎన్నో నెలల తర్వాత ఆ గదిలోకి. ఆయన సూది వేశాడు. ఆమె కుందేలు డొక్కల మీద వేళ్లతో నెమ్మదిగా రుద్దింది. చాలాసేపటికి చెవి కదిలింది. ఇంకాసేపటికి ముక్కు.

అప్పుడు అప్పలనరసమ్మ మాస్కు ఊర్మిల చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

"ఈ మట్టి ఎవరు పెట్టారు?" హరిబాబు పెట్టె మూత చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే సార్" గుమ్మం దగ్గర నుంచి మంగ్లీ అంది. "వాసన బయటికి రావొద్దని."

"ఏం వాసన? నీకెవరు చెప్పారు?"

"డాక్టరమ్మకి ఒద్దన్న వాసన, సార్" అంది అప్పలనరసమ్మ, కూర్చున్నచోటి నుంచే. గొంతు పెంచలేదు. "ఆయమ్మకి ఒద్దన్నది ఈ పిల్లకి మాత్రం ఎందుకు?"

ఊర్మిల తల వంచుకుని మాస్కు పట్టుకుని ఉంది.

"మూసేస్తారా? కుందేలు ప్రాణం పోయేది" అన్నాడు హరిబాబు, ఈసారి కాస్త తగ్గి.

మంగ్లీ ఏడుస్తూనే సమాధానం చెప్పింది. "మా బట్టీకి గొట్టం ఉంటది సార్. ఆవిరి గొట్టంల పోతది. దీనికి గొట్టం లేదు గద. అందుకే మూసిన."

కృష్ణకుమారి ఖాళీ బుట్టతో గుమ్మంలో నిలబడి అంతా వింది. "గొట్టం ఎందుకు లేదండీ?" అని అడిగింది.

"ఇంత దూరం ఎవడొచ్చి పెడతాడు మేడమ్? చెప్పాం, వస్తారు, చూస్తున్నాం..."

"ఆ కిటికీకి మేకులెందుకు?"

ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చి మేకులు పీకాడు.

ఒకావిడ అంతకాలం తల పట్టుకుని తిరిగితే తెరుచుకోని కిటికీ అది. కడుపుతో ఉన్న పిల్ల కోసం నోరు తెరిచి చెప్పినా తెరుచుకోలేదు. కుందేలు తెచ్చినావిడ ఒక్క ప్రశ్న అడిగితే తెరుచుకుంది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా జరిగింది ఇదే.

దూది రెండు రోజులకు గడ్డి ముట్టింది. దాని పళ్లు మరో రోజు అరగదీశారు. మంగ్లీని ఉద్యోగంలోంచి తీసేస్తానన్న హరిబాబు, ఊర్మిల ఏం చెప్పిందో గానీ, తియ్యలేదు. ఆ పిల్ల ఇప్పుడు ముందు గది ఊడుస్తుంది, ఆపరేషన్ గది వైపు రాదు. ఊర్మిల అప్పుడప్పుడూ మాస్కు పట్టుకుంటుంది. మిగతా రోజుల్లో అప్పలనరసమ్మే. ఆమె మానలేదు. "నానెల్లిపోతే మల్లీ ఆ పిల్లనే పిలుత్తారు. గొట్టం రానీ, అప్పుడు సూద్దాం" అంటుంది. గొట్టం ఇంకా రాలేదు. కిటికీ తెరిచినా తల పూర్తిగా తేలికపడలేదు. ఇంటికెళ్లి ఇప్పటికీ గోడవైపు తిరిగే పడుకుంటుంది.

కాబట్టి ఇది చదివేవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లో కుందేలు ఉండొచ్చు, పిట్ట ఉండొచ్చు, పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న గినీ పంది ఉండొచ్చు. దానికి మత్తు ఇవ్వాల్సి వచ్చినప్పుడు, అది బతుకుతుందా అని మీరు తప్పకుండా అడుగుతారు. అడగాలి కూడా. ఆ వెంటనే ఇంకో రెండు మాటలు అడగండి. ఈ ఆవిరి ఎటు పోతుంది? మాస్కు పట్టుకునే మనిషి ఎవరు? గది చూపించమనండి. గొట్టం లేకపోతే, ఎప్పుడు పెడతారో చెప్పించుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ అడగండి. అక్కడ పనిచేసే ఆవిడ అడిగితే ఆమెకు మానెయ్యమనే జవాబు వస్తుంది. మీరు అడిగితే వడ్రంగి వస్తాడు. వాళ్లు మీ మాట వింటున్నన్నాళ్లూ ఆ మాట ఆమె కోసం వాడండి.