సన్న పైపుల బండి

బిచ్యా ఏ ఉద్యోగంలోనూ నిలవలేదు. కూసుమంచి దగ్గరి తండాలో పుట్టి, పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాడు. ఖమ్మంలో ట్రాక్టర్ల షోరూంలో చేరి మానేశాడు. గ్రానైట్ ఫ్యాక్టరీలో చేరి అదీ మానేశాడు. చివరికి బూర్గంపాడులో వెల్డింగ్ షెడ్డు పెట్టుకుని, గేట్లూ గ్రిల్సూ చేస్తూ, మధ్యలో రేసు బండ్లు కట్టసాగాడు. పాత కారు ఇంజను, చుట్టూ ఇనుప పైపుల చట్రం. తలుపుల్లేవు, అద్దాల్లేవు. బురదలో, గుట్టల్లో పరుగెత్తే బండ్లవి. ఒకటి పూర్తికాకముందే దాన్లో తప్పు కనిపించేది. కోసేసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

వాటిని తోలేది భార్య హేమ్లి. పుట్టింట్లో ట్రాక్టరు తోలిన చెయ్యి. గత ఏడాది పోటీలో ఆమె రెండో స్థానం తెచ్చినా బిచ్యాకు కుదురు లేదు. బరువెక్కువైందంటూ కొత్త బండికి సన్న పైపులు వేశాడు.

"గింత సన్నగుంటే ఆగుతదా?"

"ఆగుతది. లెక్క చూసిన."

పోటీకి ముందు గోదావరి ఇసుకలో తోలి చూశారు. బండి గట్టెక్కి ఎగిరి దిగింది. ముందు చక్రం దగ్గరి పైపు విరిగి, బండి పల్టీ కొట్టింది. బిచ్యా పరుగెత్తేసరికి హేమ్లి బెల్టుకు తలకిందులుగా వేలాడుతోంది.

భద్రాచలం దవాఖానాలో ఆమె చేతికి రాడ్డు వేశారు. బిచ్యా మంచం పక్కన కూర్చోలేక లేస్తూ, నడుస్తూ, చివరికి అన్నాడు: "తుక్కుల ఏసేస్త దాన్ని."

"ఏసుడు లేదు. బాగుచెయ్. చేసినంక నువ్వే తోలు."

"నాకు గంత స్పీడు తోలుడు రాదు గదా!"

"ఆగుతదో ఇరుగుతదో నాకు తెల్వదు. అయినా కూసున్న గదా."

బిచ్యా బండి బాగుచేసి, మొదటిసారి తానే ఇసుకలో వేగంగా తోలాడు. ప్రతి గుంతకీ స్టీరింగు చేతుల్ని లాగిపారేసింది. సీటు అంచు పక్కటెముకల్లో గుచ్చుకుంది. ముందు దారి సగమే కనిపించింది. దిగి, గట్టు మీద వాంతి చేసుకున్నాడు.

"గిట్లనే తోలినవా ఇన్నేండ్లు?" అని ఇంటికొచ్చి అడిగాడు.

"చెప్పిన. నువ్వు ఇనలే."

తర్వాతి బండికి దిట్టమైన పైపులు వేశాడు. హేమ్లిని కూర్చోబెట్టి, ఆమె చెయ్యి ఎంత చాచగలదో చూసుకుని స్టీరింగు బిగించాడు. చెయ్యి నయమయ్యాక ఆమే పోటీలో తోలింది. ఐదో స్థానం వచ్చింది.

"చేతులు గుంజలే!" అంటూ నవ్వుతూ దిగి చుట్టూ చూసింది. బిచ్యా లేడు. అవతల గెలిచినవాళ్ల బండి కిందకి దూరి, వీపంతా బురద చేసుకుని, ఏదో వేలితో కొలుస్తున్నాడు. హేమ్లి ఓసారి పిలిచి చూసి, బండిని తానే లారీ ఎక్కించింది.